మెట్ల మలుపులో బీరువా

నిఘంటువు తయారుచేసే ఆఫీసులో నా వంతు 'బ' అక్షరం. ఆ వారం 'బీరువా' దగ్గరికొచ్చాను. ఫ్రెంచివాళ్ల 'బ్యూరో'యే మన బీరువా అయిందని పెద్దలు రాసింది చదివాక నా కాళ్లు నేల మీద నిలవలేదు. మొదట్లో అది ఒక ముతక ఉన్నిగుడ్డ పేరట. తర్వాత ఆ గుడ్డ పరిచిన రాతబల్లకీ, బల్ల వేసిన గదికీ, ఆ గదిలో నడిచే ఆఫీసుకీ అదే పేరు. ఏకు మేకైందంటారే, ఇక్కడ గుడ్డ బీరువా అయింది! పళ్ల డాక్టరు నా నోట్లో అద్దం పెట్టినప్పుడు కూడా ఇదే చెప్పబోయాను. ఆయన దూది కుక్కాడు.

ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "ఇల్లు ఖాళీ చేస్తున్నాంరా. బీరువా దించాలి, రా."

అక్కావాళ్లు ఉండేది మొదటి అంతస్తు. ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ ఆ పైన. పదేళ్లు ఒకరి కూర ఒకరికి పంపుకున్న ఇద్దరూ మేడ మీద బట్టలారేసే తీగ దగ్గర మాటా మాటా అనుకుని, మూడు నెలలుగా మొహాలు తిప్పుకుంటున్నారు. బావ మధ్యలో నలిగిపోయి, "నాకు ఈ ఇల్లే బాగుంది" అని గోడలకి చెప్పుకుంటున్నాడు.

అక్క ముందే కిందికి దిగి నిలబడింది. బీరువా కింది కొస బావ పట్టాడు, పై కొస నేను. మెట్ల మలుపు దాకా బాగానే దిగాం.

"ఎడమకి తిప్పు" అన్నాడు బావ.

"బావా, అసలు దీన్ని బీరువా అని ఎందుకంటారో తెలుసా?"

"ముందు తిప్పవయ్యా!"

చేతులు ఆడించకుండా నాకు మాట రాదు. నా కొసని మెట్టు మీద దించాను, ఒక్క నిమిషమే కదా అని. బీరువా కాలు జారి రెయిలింగు ఊచల మధ్య ఇరుక్కుంది. లాగితే రాదు, తోస్తే కదలదు. బావా అక్కా కింద, నేను పైన.

అప్పుడే ఇంటావిడ సంచీ పట్టుకుని దిగింది. దారి లేదు. నా పక్కన మెట్టు మీద కూర్చుంది. మంచి అవకాశం కదా, ఆవిడకీ మొదలుపెట్టాను. గుడ్డ, బల్ల, గది... ఆఫీసు దగ్గరికొచ్చేసరికి ఆవిడ బీరువా మీదుగా తల వంచి కిందికి కేకేసింది.

"ఏమండీ, మీ తమ్ముడు ఎప్పుడూ ఇంతేనా?"

మూడు నెలల తర్వాత అక్కతో ఆవిడ అన్న మొదటి మాట అదే.

"చిన్నప్పట్నుంచీ అంతే" అంది అక్క. "అన్నం తినమంటే అన్నం మీద ఉపన్యాసం."

"పాపం, మీరెలా భరించారండీ!"

"అందుకేగా త్వరగా పెళ్లి చేసుకున్నాను."

ఇద్దరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే బాగోదని.

నవ్వాగాక ఇంటావిడ గొంతు తగ్గించింది. "దించితే ఇరుక్కుంది గానీ, పైకెత్తితే వస్తుందేమో చూడండి."

"పైకంటే మళ్లీ మా ఇంట్లోకేగా?"

"అదే నేననేది."

అక్క వెంటనే ఒప్పుకునే రకం కాదు. "మరి తీగ సంగతి?"

"ఆరేసుకోండమ్మా! తడిదుప్పట్లు మాత్రం చివర్న వెయ్యండి, నావి ముందు వేస్తాను. ఆ రోజు నేనూ నోరు జారాను."

"నేనేమన్నా తక్కువ తిన్నానా?" అంది అక్క.

ఎక్కడ మనసు మార్చుకుంటారోనని బావ భుజం ఆనించి, "ఎత్తవయ్యా పైకి! నోరు ముయ్యి, ఎత్తు!" అని అరిచాడు. ఇంటావిడ కూడా ఓ చెయ్యి వేసింది. ఒక్క ఊపులో కాలు ఊచల్లోంచి బయటికొచ్చింది.

సాయంత్రం బయల్దేరుతుంటే ఆడవాళ్లిద్దరూ వరండాలో కూర్చుని ఉన్నారు. ఇంటావిడ మర్యాదకి పలకరించింది. "ఏం బాబూ, మరి కుర్చీ కథేంటి?"

నేను ఆనందంగా చెప్పులు విప్పాను. అక్క ఆవిడ నోటి మీద చెయ్యి అడ్డం పెట్టి, నన్ను చూసి, "నీ బస్సు వెళ్లిపోతోందిరా" అంది.