తప్పుడు పేరు చెప్పిన కంప్యూటర్లు

మొదటి కంప్యూటర్ క్యాబినెట్ మూత తియ్యగానే తనూజ మొహం పక్కకి తిప్పుకుంది. ఫ్యాను రెక్కల మధ్య ఎండిపోయిన బల్లి, దాని చుట్టూ జుట్టుతో కలిసి ఉండకట్టిన దుమ్ము, మదర్‌బోర్డు అంచున ఎవరో ఎప్పుడో ఉమ్మిన గుట్కా చార. రెండో దాంట్లో బొద్దింకల గుడ్లు. మూడో దాంట్లోంచి వచ్చిన వాసన దేనిదో తెలుసుకోవాలని ఆమెకి అనిపించలేదు. ముక్కుకి చున్నీ కట్టుకుని, పెయింటు బ్రష్షు పట్టుకుని పనిలోకి దిగింది.

అలాంటివి నలభై. ఏయే ఆఫీసులు వదిలించుకున్నవో గాని, పవర్ హౌస్ మార్కెట్ వెనక ఉన్న గోడౌన్‌కి ఒక మినీ ట్రక్కులో వచ్చి పడ్డాయి. గోడౌన్ గురునాథరావుది. కంప్యూటర్లు సప్లై చెయ్యడం అతని వ్యాపారం. ఆ హిందీ ఊళ్లో, ఖుర్సీపార్ బస్తీ తెలుగువాళ్లలో పెళ్లయినా, తగువయినా, దుర్గ పూజ పందిరయినా అతను లేకుండా జరగదు. తనూజ తండ్రి ఉక్కు ప్లాంటులో పనిచేసే రోజుల నుంచీ ఆ ఇంటికి రాకపోకలున్నాయి. తండ్రి పోయాక, పాలిటెక్నిక్ అయిపోయిన పిల్లని తన దగ్గరే పనిలో పెట్టుకున్నాడు. ఆమె అతన్ని మావయ్యా అనే పిలిచేది.

"ఇవన్నీ ఎవరికి మావయ్యా?"

"మన బస్తీ బడికేనమ్మా. పాపం పిల్లలు, కంప్యూటర్ మొహం చూళ్లేదు. నువ్వేటి చేస్తావో నాకు తెలీదు. నలభై నడవాల, అంతే."

బడికి పాత కంప్యూటర్లు బాగుచేసి ఇస్తున్నారంటే మంచి పనే అనుకుంది తనూజ. అందుకే ఆ కంపుని భరించింది. రెండు రోజులు ఊడ్చి, తుడిచి, ఒక్కొక్కటీ ఆన్ చేసి చూసి మూడు వరసలుగా పేర్చింది. ఇరవై రెండింటిలో అరవై నాలుగు బిట్ల ప్రాసెసర్లు ఉన్నాయి, ఇప్పటి ప్రోగ్రాములకి ఫర్వాలేదు. పదకొండు మరీ పాతవి, ముప్పై రెండు బిట్లకి మించి అర్థం చేసుకోలేవు. మిగతా ఏడు చిన్నవి. వేడెక్కవు గాని నెమ్మది.

మిషన్‌ని నడిపించడానికి ఊరికే దొరికే మామూలు లినక్స్‌ని డౌన్‌లోడ్ చేసి పాత పదకొండింటిలో వేస్తే ఒక్కటీ లేవలేదు. నల్లటి తెర మీద ఒకే ఒక వాక్యం వచ్చి ఆగిపోయింది. ఈ కెర్నెల్‌కి అరవై నాలుగు బిట్ల ప్రాసెసర్ కావాలి, ఇది అది కాదు, అని. చిన్నవి లేచాయి గాని డెస్క్‌టాప్ కనపడేసరికి టీ తాగి రావచ్చు.

ఇక తనే కెర్నెల్ కట్టాలని తేల్చుకుంది. కెర్నెల్ అంటే మిషన్‌లోని సామానుతో నేరుగా మాట్లాడే ప్రోగ్రాం. మిగతావన్నీ దాని ద్వారానే పని జరిపించుకుంటాయి. దాన్ని సోర్సు నుంచి కట్టేముందు వేల ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ప్రాసెసర్ ఏ తరానిది? కోర్లు ఎన్ని? మెమరీ ఎంత? ఈ డిస్కు డ్రైవరు కావాలా? ఆ నెట్‌వర్క్ కార్డుది వద్దా? అక్కర్లేనివాటికి వద్దు అని చెబితే కెర్నెల్ చిన్నదై, పాత మిషన్ మీద బరువు తగ్గుతుంది. ప్రాసెసర్‌లో లేని దాన్ని ఉందని చెబితే మిషన్ లేవదు.

తనూజకి ఆ పని ఇష్టం. ఆ జవాబులతో మూడు వరసలకి మూడు కాన్ఫిగ్ ఫైళ్లు రాసుకుంది. పాత పదకొండుకి కట్టిన కెర్నెల్ వాటిలో నాలుగింటి మీద మళ్లీ మొండికేసింది. మెమరీకి సంబంధించిన ఒక ఆప్షన్‌ని ఆ నాలుగు ప్రాసెసర్లు ఎరగవు. అది తీసేసి మళ్లీ కట్టింది. అలా మూడు కాస్తా నాలుగయ్యాయి. పదిహేను రోజులయ్యేసరికి నలభై నడిచాయి. రెండున్నర నిమిషాలు తీసుకున్న చిన్న డబ్బా ఇప్పుడు ముప్పై సెకన్లలో లేచింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి తల్లి వరమ్మకి రెండుసార్లు చెప్పింది ఆ సంగతి. వరమ్మకి సెకన్ల గొడవ అర్థం కాకపోయినా పిల్ల మొహం చూసి నవ్వింది.

మర్నాడు గురునాథరావు కొత్త ప్లాస్టిక్ ముందుభాగాలు, మెరిసే స్టిక్కర్లు తెచ్చాడు. పాత డబ్బాలకి అవి బిగించాక నిజంగానే కొత్తవాటిలా ఉన్నాయి. అప్పుడు స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. పంటి సందులో పుల్లతో తవ్వుకుంటూ, పుల్ల కొసకి వచ్చినదాన్ని చూసి మళ్లీ నోట్లోనే పెట్టుకున్నాడు.

"అమ్మా, ఆ మిషన్ వివరాల పేజీ ఉంటాది గదా. అందులో ప్రాసెసర్ పేరు వస్తాది."

"అవును మావయ్యా."

"నలభైటికీ ఒకటే పేరు రావాల. ఈ స్టిక్కరు మీద ఉందే, అది. నీకు చేతనవుద్దా?"

"ఎందుకు? అది అబద్ధం కదా."

"అబద్ధమేటి? పేరే గదా. తలో పేరూ ఉంటే పిల్లలు కంగారు పడతారు. చేతనవుద్దా, అవ్వదా?"

ఆ తర్వాత తనూజ ఈ క్షణం దగ్గరే ఆగి చాలాసార్లు ఆలోచించింది. అతను బెదిరించలేదు. బతిమాలలేదు. చేతనవుద్దా అని అడిగాడు, అంతే. ప్రాసెసర్ తన పేరు తానే చెబుతుంది. కెర్నెల్ దాన్ని చదివి దాచుకుని, అడిగినవాళ్లకి చూపిస్తుంది. ఆ మధ్యలో నాలుగు లైన్లు మారిస్తే చాలునని ఆమెకి అప్పటికే తట్టింది. చేతనవుతుందని చూపించాలనిపించింది. గంటలో చేసేసింది. ఇరవై ఏళ్ల నాటి మిషన్, నిన్నగాక మొన్న బజార్లోకి వచ్చిన ప్రాసెసర్ పేరు చెప్పింది.

"శభాష్. రాయ్‌పూర్‌లో కూడా లేరమ్మా నీలాంటివాళ్లు," అన్నాడు గురునాథరావు.

ఆ మాటకి ఆమె సంతోషించింది కూడా.

సోమవారం బడిలో కంప్యూటర్లు అప్పగించారు. బడి కోసం వాటిని కొనిపెట్టిన ఒక ట్రస్టు తరఫున అధికారి వచ్చాడు. సమోసా ప్లేటు చేత్తో పట్టుకునే మొదటి వరసలో కూర్చుని, "దిఖాయియే" అని చూపించమన్నాడు. తనూజ వివరాల పేజీ తెరిచింది. ఆయన నూనె వేలు తెర మీద పెట్టి పేరు చదివాడు, చేతిలోని కాగితంతో సరిచూసుకున్నాడు. కాగితంలోనూ అదే పేరు ఉండటం తనూజ అప్పుడు చూసింది. పైన 'కొత్తవి, నలభై' అని ఉంది. మరో రెండు మిషన్లు చూసి ఆయన సంతకం పెట్టేశాడు. వేలి మరక తెర మీద అలాగే ఉండిపోయింది.

పాతవి బాగుచేసి ఇస్తున్నారనే ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. గురునాథరావు వైపు చూసింది. అతను ఆ అధికారికి ఇంకో సమోసా వడ్డిస్తున్నాడు.

ఆ బడిలో కంప్యూటర్ పాఠం చెప్పేది భాగ్యరేఖ. నలభై దాటిన మనిషి, ప్లాంటు క్వార్టర్లున్న సెక్టర్ 7 నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది. అందరూ వెళ్లాక తనూజని ఆపింది.

"ఉండు తనూజా, పిల్లల్ని పిలుస్తాను. ఇన్నాళ్లూ బోర్డు మీద మానిటర్ బొమ్మ గీసి చెప్పాను నేను. సచ్చీ, నిజంగా నమ్మలేకపోతున్నాను."

ఏడో తరగతి పిల్లలు వచ్చి, చెప్పులు బయట విడిచి, మిషన్‌కి ఇద్దరు చొప్పున కూర్చున్నారు. భాగ్యరేఖ వాళ్లచేత వివరాల పేజీ తెరిపించింది. బోర్డు మీద ప్రాసెసర్ పేరు పెద్ద అక్షరాలతో రాసి, దాని కోర్లు, దాని వేగం, అది వచ్చిన సంవత్సరం చెప్పింది. "ఇది మీ ముందున్న మిషన్‌లో ఉంది. నోట్‌బుక్‌లో రాసుకోండి, పరీక్షలో అడుగుతాను," అంది.

అందరూ తలలు వంచి రాసుకున్నారు. ఒక పాప స్పెల్లింగ్ తప్పు పోతుందేమోనని తెర మీద ఒక్కో అక్షరం వేలితో తాకి, రాసి, మళ్లీ తాకుతోంది.

తనూజ గది బయటికి వచ్చేసింది. కుళాయి దగ్గరికి వెళ్లేలోపే పొద్దున తిన్నదంతా వాంతి అయింది. నోరు కడుక్కుంది. చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. గోడౌన్‌లో బల్లుల్నీ బొద్దింక గుడ్లనీ ఊడ్చిన చేతులు అవి. అప్పుడు ఒక్కసారి కడిగితే సరిపోయింది.

అక్కణ్ణించి నేరుగా పవర్ హౌస్ వెళ్లింది. గురునాథరావు ఏసీ కింద కాళ్లు చాపుకుని మామిడిపండు రసం పీలుస్తున్నాడు.

"కొత్తవని చెప్పి అమ్మారా?"

"కూకో. నీళ్లు తాగుతావేటి?"

"పిల్లలు అది నిజమనుకుని రాసుకుంటున్నారు మావయ్యా. పరీక్షకి చదువుతారు."

"చదివితే పోయేదేటి? ఆ ప్రాసెసర్ లోకంలో లేదేటి? ఉంది గదా." టెంక చీకి ప్లేట్లో పడేశాడు. గడ్డం మీద కారిన రసాన్ని అరచేత్తో తుడుచుకుని, ఆ అరచేతిని కుర్చీకి రాశాడు. "అయినా, రాసినోళ్లెవరు? నువ్వు. నా చెయ్యి తగిలిందేటి దానికి? నాకు కంప్యూటర్ ఆన్ చెయ్యడమే రాదు."

తనూజ నిలబడే ఉంది.

"చూడు తల్లీ, నువ్వు మనోళ్ల పిల్లవి కాబట్టి చెప్తన్నాను. ఇంకో నూట ఇరవై వస్తన్నాయి. ఒక ప్రైవేటు ఆసుపత్రికి. పేషెంట్ల రిపోర్టులు వాటిలోనే పెడతారంట. దానికీ ఇలాగే..."

అతను ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆమెకి ఆ మామిడి వాసన, ఆ ఏసీ చల్లదనం, మనోళ్ల పిల్ల అన్న మాట, అన్నీ కలిసి ఒళ్లంతా జిడ్డు పూసినట్టు అనిపించింది. గోడౌన్ తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేసింది.

మర్నాడు బడి మొదటి గంట కొట్టకముందే భాగ్యరేఖ ముందు నిలబడింది. దాచకుండా చెప్పింది. కెర్నెల్‌లో నాలుగు లైన్లు ఎక్కడ మార్చిందీ, ఎవరు మార్చమన్నదీ, ఎందుకు ఒప్పుకుందీ.

భాగ్యరేఖ కంప్యూటర్ల గది తలుపు తీసింది. "చూపించు," అంది.

తనూజ ఒక క్యాబినెట్ విప్పి, ప్రాసెసర్ మీది ఫ్యాను తీసి, ఎండిన పేస్టు గుడ్డతో తుడిచింది. లోహం మీద అసలు పేరు చిన్న అక్షరాల్లో చెక్కి ఉంది. భాగ్యరేఖ కళ్లద్దాలు సర్దుకుని వంగి చదివింది.

"నిన్న నేను బోర్డు మీద రాస్తున్నప్పుడు నువ్వు గదిలోనే ఉన్నావు."

"ఉన్నాను దీదీ."

"నాచేత చెప్పించావు. నలభై మంది పిల్లల ముందు." ఆమె గొంతు పెరగలేదు. "ఆ గురునాథరావు లాలా ఎలాంటోడో నాకు తెలుసు. నీ మీదే నాకు అసహ్యం వేస్తోంది. నువ్వు చదువుకున్నదానివి."

"నిజమే దీదీ," అంది తనూజ.

బడి కార్యదర్శి ఈ గొడవ వద్దన్నాడు. ట్రస్టు వాళ్లకి కోపం వస్తే ఇచ్చినవి కూడా తీసుకుపోతారని భయపడ్డాడు. భాగ్యరేఖ వినలేదు. ఫొటోలు తీసి, ఉత్తరం రాసి, తనూజ ముందు పెట్టింది. 'పేరు మార్చింది నేనే' అన్న వాక్యం తనూజ తన చేత్తో రాసి, కింద సంతకం చేసింది.

నెల తర్వాత ట్రస్టు నుంచి వేరే మనుషులు వచ్చి మిషన్లన్నీ విప్పి చూశారు. గురునాథరావు పన్నెండు మార్చి ఇచ్చాడు. మిగతావి స్టాకు రాగానే మారుస్తానన్నాడు. ఆ స్టాకు రాలేదు. పనిచేసే పిల్ల పొరపాటు చేసిందని, నమ్మి పెట్టుకుంటే ఇలా చేసిందని రాసిచ్చాడు. ఆ కాగితం మీద ట్రస్టు వాళ్లు ముద్ర వేసుకుని వెళ్లిపోయారు. ఖుర్సీపార్‌లో వరమ్మని నలుగురూ ఆపి, తిన్న ఇంటికి ద్రోహం చేసిందటగా మీ పిల్ల, అని అడిగారు. ఆసుపత్రి కంప్యూటర్ల సంగతి ఏమైందో ఎవరికీ తెలియదు. అక్కడికీ తనూజ ఒక ఉత్తరం రాసింది. జవాబు రాలేదు.

మిగిలిన ఇరవై ఎనిమిదింటికి మూడు ఆదివారాలు కూర్చుని మళ్లీ కెర్నెళ్లు కట్టింది. ఈసారి ఆ నాలుగు లైన్లూ లేవు. భాగ్యరేఖ తాళం తీసి, పని అయ్యేదాకా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, మళ్లీ తాళం వేసుకునేది. అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. తనూజకీ అదే న్యాయమనిపించింది.

పక్క ఊరు దుర్గ్‌లో ఒక ఇంటర్నెట్ ఆఫీసులో ఆమెకి పని దొరికింది. రోజూ లోకల్ రైల్లో వెళ్లి వస్తోంది.

వానాకాలం మొదట్లో ఒక ఆదివారం పొద్దున గురునాథరావు వాళ్లింటికి వచ్చాడు. చేతిలో స్వీట్ల డబ్బా. గుమ్మంలోనే నవ్వుతూ, "ఏటి వరమ్మా, బాగున్నారా?" అన్నాడు, ఏమీ జరగనట్టే.

వరమ్మ అలవాటుగా కుర్చీ కోసం లేచింది.

"పిల్లతో చిన్న పనుంది. ఆసుపత్రికి ఇవ్వాల్సిన ఆ నూట ఇరవై లేవట్లేదమ్మా. ఇద్దరికి చూపించినాను, ఎవలి వల్లా కావట్లేదు. నువ్వు రాసుకున్న ఫైళ్లు ఉంటాయి గదా, అవి ఇచ్చీ, చాలు. కోపాలు మనలో మనకేటి?"

అతని పళ్ల సందులో పుల్ల కదులుతోంది. ఆ మనిషిని ఇన్నేళ్లు మావయ్యా అని పిలిచినందుకు తనూజకి నాలుక కడుక్కోవాలనిపించింది.

"కుర్చీ వెయ్యకమ్మా," అంది తల్లితో.

వరమ్మ ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. కుర్చీని గోడకే ఆనించి వదిలేసి, స్వీట్ల డబ్బా అతని చేతిలోనే ఉండగా, "వానొచ్చేలా ఉంది బాబూ, ఎళ్లండి," అంది.