తెల్లబడిన గ్లౌజులు

బంగారుపాళ్యం మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో కాయ కోసే ఆడోళ్ల చేతులు ఎప్పుడూ గాట్లతోనే ఉండేవి. వాటిని పట్టించుకున్న నాథుడు లేడు. అట్లాంటి చోటికి ఆ సీజనులో పసుపుపచ్చ గ్లౌజులు వచ్చినాయి. కత్తి పెట్టి గీసినా తెగవంట. పోలీసోళ్లు తుపాకీ గుండుకు అడ్డంగా తొడిగే కోట్లలోనూ ఈ నారే ఉంటాదంట. తన మాట మీదే పనిలోకి వచ్చిన చెల్లెలి కూతురు జయంతికి మునిరత్నమ్మ తానే ఒక జత తొడిగింది.

"ఇంక నీ చేతికి భయం లేదు పో మే."

రెండు రోజులకే గ్లౌజులు జిడ్డు పట్టి, పులిసిన కంపు కొట్టినాయి. సరుకు కొనేవాళ్లు చూడను వస్తారని మేనేజరు జయరావు షెడ్డంతా ఎగిరినాడు. "ఇవి గ్లౌజులా, మసిగుడ్డలా? తెల్లగా కనపడాల!"

మునిరత్నమ్మ అంతకుముందు తిరుపతి లాడ్జీల్లో దుప్పట్లు ఉతికిన మనిషి. ఎవరెవరో పడుకుని లేచిన మరకలన్నిటికీ ఆమె ఎరిగిన మందు ఒకటే, బ్లీచింగు పౌడరు. అందరి గ్లౌజులూ తొట్టిలో నానేసి, రేకుల మీద ఎండలో ఆరేసేది. రోజూ అదే పని. పసుపు పోయి తెల్లబడినాయి. "మునిరత్నమ్మ చెయ్యి పడితే మల్లెపువ్వే" అని జయరావు మెచ్చుకున్నాడు కూడా.

ఒక పొద్దు జయంతి టెంక తీస్తుంటే కత్తి జారింది. గ్లౌజును కోసుకుని ఎడమ అరచేతిలో దిగింది. తిరుపతి ఆసుపత్రిలో కుట్లేసినారు గానీ, నరం తెగి రెండు వేళ్లు ముడుచుకోవడం మానేసినాయి. సీజను లేని నాళ్లలో పూలు కట్టి బతికే పిల్ల. పూలు కట్టను రెండు చేతులూ కావాల.

కొన్నాళ్లకు గ్లౌజుల కంపెనీ మనిషి ధనంజయ వచ్చినాడు. మునిరత్నమ్మ తెగిన గ్లౌజు ఆయన ముందర పడేసింది.

"తెగదంటిరే సామీ?"

ఆయన దాన్ని వేళ్లతో నలిపినాడు. నూగు రాలింది.

"సమాన బరువులో చూస్తే ఉక్కుకన్నా ఐదింతలు గట్టిదమ్మా ఈ నార. నిప్పుకు కూడా కరగదు. కానీ బ్లీచింగు, ఎండ, ఈ రెండే దీనికి విషం. పైకి గ్లౌజు మాదిరే ఉంటాది, లోపల సత్తువ చచ్చిపోతాది. బ్లీచింగులో వేసినారా?"

మునిరత్నమ్మ రేకుల మీద ఆరేసిన తెల్ల గ్లౌజుల పక్క చూసింది. గ్లౌజులు ఇచ్చిననాడు ఈ ముక్క చెప్పడానికి ఒక్కడికీ నోరు రాలేదు! ఆయన అటు పోంగానే, పక్కనుంచి అంతా విన్న జయరావు దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "కొత్తవి వచ్చేవారం వస్తాయి. అందాకా నోరెత్తబాక. ఎత్తితే ఆ పిల్ల చెయ్యి నువ్వే పోగొట్టినావంటారు."

ఆమె ఆ మాటకు భయపడింది. ఆ పూటంతా భయపడింది. పొద్దు వాలినాక జయంతి వాళ్లింటికి పోయింది.

జయంతి గోడకానుకుని కూర్చోనుండాది. లోపలినుంచి మొగుడి గొణుగుడు. "అంత మంచి గ్లౌజు తొడుక్కుని కూడా కోసుకునింది. ధ్యాసంతా యాడుంటాదో!"

"ఆయన చెప్పేది నిజమే పెద్దమ్మా," అనింది జయంతి. "నాకే చెయ్యి నిలకడ లేదు."

మునిరత్నమ్మ ఇంక ఆపుకోలేకపోయింది. "నీ చెయ్యి కాదే. నేను ఉతికినందుకు తెగింది. బ్లీచింగు తినేసింది దాన్ని. నాకు తెలీదే తల్లీ."

జయంతి ఏడవలేదు, తిట్టలేదు. పెద్దమ్మ మొహం కూడా చూడలేదు.

"ఇంకా ఎవరెవరివి ఉతికినావు?"

"అందరివీ."

"అందరూ వాటితోనే కోస్తా ఉండారా?"

"ఆఁ. కొత్తవి వచ్చేవారం వస్తాయంట."

"అయితే ఈడ కూర్చుని నాకు చెప్తావేం? ఆడికి పో." జయంతి మొహం గోడవైపు తిప్పుకుంది. "నా దగ్గరికి మళ్లీ రాబాక."

తెల్లారి షెడ్డులో కాయలు మోసుకొచ్చే బెల్టు తిరగడం మొదలైనాక మునిరత్నమ్మ బల్లమీదికెక్కింది. చేతిలోని తెల్ల గ్లౌజును రెండు చేతులా పట్టి లాగింది. పాత గుడ్డ మాదిరి చిరిగిపోయింది.

"తీసేయండే! ఇవి మీ చేతుల్ని కాయవు. నేనే పాడు చేసినాను. జయంతికి అట్లే అయింది. ఈ సంగతి ఈ మేనేజరుకూ తెలుసు!"

జయరావు అరుస్తూ వచ్చినాడు. ఒకామె గ్లౌజు ఊడదీసి కింద పడేసింది, ఆ వెనక ఇంకొకామె. కత్తులు ఆగినాయి. కాయలు మాత్రం బెల్టుమీద వస్తానే ఉండాయి, తీసేవాళ్లు లేక నేలమీద పడి పగులుతా ఉండాయి.

జయంతి పక్కన కోసే ఆమె మునిరత్నమ్మను కిందికి పైకి చూసింది.

"మా చేతులు కూడా పోయేదాకా ఆగలేదు, అదే పదివేలు," అని పక్కకు జరిగింది.

ఆ తర్వాత మునిరత్నమ్మకు ఎవ్వరూ బల్ల దిగడానికి చెయ్యి ఇవ్వలేదు.