మట్టి పిట్టల పాట

భర్త స్పిరిడాన్ పోయిన నలభయ్యో రోజున నెవ్యాన చక్కెర కలిపిన ఉడకబెట్టిన గోధుమలు గ్లాసుల్లో పోసి మెట్ల వెంట ఇంటింటికీ పంచింది. అంతకుముందే కింద వీధి తలుపు మీద ఆయన ఫోటో ఉన్న కొత్త సంతాప కాగితం అంటించి వచ్చింది. రెండో అంతస్తులో పరష్కెవ్ తలుపు తీసి గ్లాసు వైపు చూసి, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"నాకు తీపి పడదు వదినా."

"పోయినవాళ్ళ పేరున ఇచ్చేది కాదనకూడదు."

"బతికున్నన్నాళ్ళూ నన్ను దొంగ అన్నాడుగా. ఇప్పుడు ఆయన పేరున నేను నోరు తీపి చేసుకోవాలా?"

ఆమె గ్లాసు అతని గడప మీద పెట్టి పైకి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున అది నిండుగా ఉన్నది ఉన్నట్టు ఆమె గుమ్మం ముందు కనిపించింది.

ఒకప్పుడు ఇదే పరష్కెవ్ అగ్గిపెట్టెలో దూది పరిచి, దాంట్లో గుడ్లు పెట్టుకుని ఈ మెట్లే ఎక్కి వచ్చేవాడు. అతను పెంచేవి ఏడు రంగుల ఫించ్ పిట్టలు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి గాని, గుడ్లు పెట్టి పొదగకుండా లేచిపోతాయి. స్పిరిడాన్ పెంచేవి మట్టిరంగు ఫించ్‌లు. ఎవరి గుడ్లు కింద పెట్టినా పొదుగుతాయి, ఎవరి పిల్లలకైనా మేత పెడతాయి. రూసే ఊళ్ళో పిట్టలు పెంచేవాళ్ళందరూ చేసే పనే ఇది, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అయితే పిట్టల క్లబ్బులో పెద్ద కప్పు మాత్రం సొంత తల్లిదండ్రుల దగ్గర పెరిగిన పిట్టకే ఇస్తారు. రెండేళ్ళ కిందట పరష్కెవ్ ఎర్రతల మగపిట్టకు ఆ కప్పు వచ్చింది. స్పిరిడాన్ లేచి నిలబడి, "ఇది మా మట్టి పిట్టల కింద పెరిగిన పిల్ల" అన్నాడు. ఋజువేదీ అన్నారు. పిట్ట ఆ హాల్లో నోరు విప్పలేదు, దాని కాలికున్న గుర్తు ఉంగరం పరష్కెవ్‌దే. క్షమాపణ చెప్పు, లేదా బయటికి నడు అన్నారు. ఆయన బయటికి నడిచాడు. ఆ తరువాత క్లబ్బువాళ్ళెవరూ ఆ ఇంటి గడప తొక్కలేదు, చావుకు కూడా.

మట్టి పిట్టల పాట గొప్పదేం కాదు. నూనె లేని తలుపు బందులా రెండు మూడు కిర్రులు, వాటి వెనక పైకి సాగే ఒక సన్నని వణుకు, చివర రెండు టక్కులు. కొడుకు తనను పెంచిన తండ్రి దగ్గర విని నేర్చుకుంటాడు. ఆ వణుకు ఎక్కువసేపు నిలిపిన కొడుకులనే ఉంచుకుంటూ, స్పిరిడాన్ తన వయసంతా ఆ పాటకే పెట్టాడు. మగపిట్టను ఎవరికీ ఇచ్చేవాడు కాదు. పిసినారి అనేవాళ్ళు. ఆ పిసినారితనమే ఇప్పుడు నెవ్యాన మెడకు చుట్టుకుంది. అంత్యక్రియలైన వారానికి ముసలి మగపిట్ట పంజరం అడుగున పడి చచ్చి ఉంది. దాని పిల్లలకు అప్పటికి ఈకలైనా రాలేదు. తల్లి సాకింది గాని, ఆడపిట్ట పాడదు. ఆ పాట తెలిసిన మగపిట్ట ఇంట్లో ఇంకొకటి లేదు. ఇప్పుడు మూడు కొడుకు పిట్టలూ గొంతులు ఉబ్బించి ఏవో పిచ్చి కూతలు కూస్తున్నాయి. ఈ నెలా రెండు నెలల్లో విన్నదే వాటికి జీవితాంతం నిలిచిపోతుంది.

ఒక మధ్యాహ్నం ఆమె బాల్కనీలో పంజరం రేకు కడుగుతుంటే కింది నుంచి వినిపించింది. కిర్రులు, వణుకు, రెండు టక్కులు. చేతిలోని రేకు అక్కడే వదిలేసి మెట్లు దిగింది.

"మీ ఎర్రతల పిట్టను నాకివ్వండి, పరష్కెవ్ గారూ."

"అది దండగమారిది. నా ఆడపిట్టల వంక కన్నెత్తి చూడదు. మట్టి పిట్ట కనిపిస్తే చాలు, దాని ముందు గంతులేస్తుంది. అంతా మీ ఆయన పుణ్యం."

"అంటే మా దగ్గర పెరిగిందనేగా."

అతని ముఖం మారింది. "ఆ మాట ఇంకోసారి అన్నావంటే దాని మెడ విరిచి పిల్లికి వేస్తాను. చేస్తానో లేదో నీకు తెలుసు."

ఆమెకు తెలుసు. "ఏం కావాలి మీకు?"

"ఆదివారం క్లబ్బుకు రా. స్పిరిడాన్ అబద్ధమాడాడని అందరి ముందూ నీ నోటితో చెప్పు. పిట్టను అక్కడే ఇచ్చేస్తా."

"కప్పు మీ దగ్గరే ఉందిగా."

"ఉంది. ఇంటికొచ్చిన ఒక్కడూ దానివంక చూడడు."

ఇంటికి వచ్చి ఆమె భర్త కుర్చీకి ఎదురుగా కూర్చుంది. ఆయనైతే చెప్పేవాడు కాదు. పాట పోతే పోనిమ్మనేవాడు. ఆమెకు ఆయన మీద కోపం వచ్చింది. నీకు నిజం ఒక్కటి ఉంటే సరిపోయింది. నాకేం మిగిలింది?

ఆదివారం క్లబ్బు హాలంతా కొర్రల పొట్టు వాసన, పిట్టల గోల. నెవ్యాన కోటు విప్పకుండానే నిలబడింది.

"రెండేళ్ళ కిందట నా భర్త ఇక్కడ చెప్పింది అబద్ధం."

"ఇన్నాళ్ళకు ఒప్పుకుంది" అన్నారెవరో వెనక నుంచి. ఇంకొకరు నవ్వారు. అధ్యక్షుడు దోబ్రి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సరేనమ్మా, అయిపోయింది. కూర్చో. ఎవరైనా ఆమెకు ఇంత రాకియా పోయండి."

"మీతో తాగడానికి రాలేదు."

పరష్కెవ్ నల్లగుడ్డ కప్పిన పంజరం తెచ్చి ఇచ్చాడు. "ఇక్కడ గుడ్డ తీశావో, చూసుకో" అన్నాడు చెవి దగ్గర. అతని చెయ్యి ఇంకా పంజరం తలుపు మీదే ఉంది. గుడ్డ తీస్తే వెలుగుకు పిట్ట పాడినా పాడవచ్చు. ఇంతమంది చెవులున్నవాళ్ళు వింటారు. ఆ చెయ్యి లోపలికి వెళ్ళడానికి మాత్రం అంతసేపు పట్టదు. ఆమె గుడ్డ కొసలు మరింత దగ్గరికి లాగి ముడివేసి బయటికి నడిచింది.

ఎర్రతల పిట్ట కొన్నాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఒక ఉదయం ఉన్నట్టుండి పాట ఎత్తుకుంది. పక్క పంజరంలోని మూడు కొడుకు పిట్టలూ కూతలు ఆపి, కమ్మీల పక్కకు వచ్చి వరసగా కూర్చున్నాయి. మెడలు చాచి, తలలు దాని ముక్కు దాకా వంచి, కదలకుండా విన్నాయి. నెవ్యాన చేతిలోని టీ చల్లారిపోయింది.

ఆ వారంలోనే దోబ్రి జున్ను రొట్టె పొట్లంతో వచ్చాడు. "పాత సంగతులు మరిచిపోదాం తల్లీ" అంటూ బూట్లు విప్పబోయి, ఒంటికాలి మీదే ఆగిపోయాడు. లోపల పిట్ట పాడుతోంది.

"ఇది స్పిరిడాన్ పిట్టల కూత కదూ?" అంటూ గదిలోకి తొంగి చూశాడు. "మరి అది పరష్కెవ్ ఎర్రతలది. కప్పు కొట్టింది."

"అవును."

"అయితే స్పిరిడాన్ చెప్పింది..." ఆయన గోడకు చెయ్యి ఆనించాడు. "మరి నువ్వు ఆ రోజు అలా ఎందుకన్నావమ్మా? సరే, ఇక నేను ఊరుకోను. ఈ ఆదివారమే అందరినీ పిలుస్తాను. పరష్కెవ్ నుంచి కప్పు లాగేస్తాం. ఒక్క పూట ఈ పంజరం హాలుకు తెచ్చావంటే చాలు, వాడు నోరెత్తలేడు."

"తీసుకురాను."

"స్పిరిడాన్ పరువమ్మా!"

"మీకు ఆయన మాట చాల్లేదు, దోబ్రి గారూ. పిట్ట సాక్ష్యం కావాల్సొచ్చింది. చలిలో దీన్ని హాలు దాకా తిప్పితే మళ్ళీ ఎప్పుడు నోరు విప్పుతుందో తెలియదు. అంతవరకు ఆ పిల్లలు ఆగవు."

"అది కాదమ్మా..."

"మెల్లగా మాట్లాడండి. అవి మీ గొంతు నేర్చుకోనక్కర్లేదు."

పొట్లం ఆయన చేతిలోనే తిరిగి పెట్టి తలుపు వేసింది. దోబ్రి మెట్ల మీద నిలబడి ఇంకా ఏదో అంటున్నాడు. ఆమె గడియ పెట్టి లోపలికి వచ్చింది. కొడుకుల్లో ఒకటి కిర్రులు సరిగ్గానే పలికి, వణుకు సగంలో తెగ్గొట్టేసింది. ఎర్రతలది మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.