తువ్వాలు ఊపనంతసేపు

పూడిమడక ఒడ్డున పడవ ఎక్కేటప్పటికి ఇంకా ఏడు కాలేదు. గాలి అప్పుడే లేచింది. మెడలో ఉన్న ఎర్ర తువ్వాలు తీసి ఒడిలో పెట్టుకున్నాను. నా మనవరాలు రోజలిన్ మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఆ తువ్వాలు వైపే చూస్తోంది.

మూడు కిలోమీటర్లు ఈదాలి. గంటా పది నిమిషాల్లో ఒడ్డు చేరితే రాష్ట్ర జట్టులోకి తీసుకుంటారు. మధ్యలో పడవ మీద చెయ్యి వేస్తే అయిపోయినట్టే. ఇదివరకు రెండుసార్లు వేసింది. ఇది మూడోది. నాలుగోసారి ఇవ్వరు.

ఈత రాక కాదు. అనకాపల్లిలో శారదా నదిలో నేనే నేర్పాను. ఎనిమిదేళ్లకే ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వెళ్లి వచ్చేది. కానీ పోయిన వేసవిలో ఇదే ఒడ్డున వలలో పడ్డ సొరచేపను చూసింది. చెయ్యంత పొడవు కూడా లేదు. చచ్చిపోయింది కూడా. నోరు మాత్రం తెరిచే ఉంది. అప్పటినుంచి సముద్రంలో తల ముంచితే కింద ఆ నోరే ఉన్నట్టుంటుందట. ఈ మాట నాకొక్కడికే చెప్పింది. కోచ్‌కి చెబితే నవ్వుతారని భయం.

నాకు మాటలు తక్కువ. నలభై ఏళ్లు మార్కెట్లో బెల్లం దిమ్మలు మోశాను. మోసేవాడికి మాటలతో పనిలేదు. భయపడకు అని ఎలా చెప్పాలో తెలియక, ముందురోజు దాన్ని పక్కన పెట్టుకుని పడవ పోతురాజుని అడిగాను.

"ఒరే, ఈ దగ్గర్లో సొరలుంటాయేట్రా?"

"బాగున్నావు మావా! సొర కోసం మేం లోపలికి పోయి రెండ్రోజులు కూకుంటే ఒకటి తగులుతాది, లేపోతే నేదు. ఇక్కడే ఉంటే మాకు డీజిలెందుకు?"

రోజలిన్ నవ్వింది. కానీ తిరుగు బస్సులో నా చెయ్యి వదల్లేదు. అప్పుడు చెప్పాను.

"ఊపిరికి తల తిప్పిన పెతిసారీ నన్ను సూడు. నాను నీళ్లలోకే సూత్తుంటాను. ఏటైనా అగుపిత్తే తువ్వాలు ఊపుతాను. ఊపనంతసేపు ఏటీ నేదు."

"ఒట్టెయ్యి తాతా."

"మన సర్చోళ్లు ఒట్లెయ్యరు. ఊపుతానన్నాను గదా."

నా కుడికంట్లో పొర ఉంది. ఎడమది కూడా అంతంతమాత్రమే. ఆ సంగతి చెప్పలేదు.

విజిల్ మోగింది. రోజలిన్ నడుముకు తాడుతో నారింజ రంగు గాలిబుడగ కట్టారు. అది వెనకాల తేలుతూ వస్తుంది, దూరంనుంచి కూడా మనిషి తెలియడానికి. కోచ్ వెంకటరమణ గారు పడవ ముందు గడియారం పట్టుకుని కూర్చున్నారు. ఆయనది తెనాలి వైపు. పోతురాజు ఇంజను దగ్గర.

మూడు బారలు వేసి తల తిప్పుతుంది. నన్ను చూస్తుంది. మళ్లీ మూడు బారలు. నేను నీళ్లలోకి చూస్తూ కూర్చున్నాను. ఒకచోట నల్లగా కదిలింది. మబ్బు నీడ. ఇంకోచోట నాచు. తువ్వాలు మీద రెండు చేతులూ నొక్కి పెట్టుకున్నాను.

రెండు కిలోమీటర్లు దాటాక కోచ్ ఒక్కసారిగా లేచి అరిచారు. ఇంజను చప్పుడులో, గాలిలో, మొదటి ముక్కే వినబడింది.

"సొర...! వెనకాల! సొర...!"

పోతురాజు ఇంజను కట్టేసి లేచాడు. "ఏదీ? ఎక్కడ సొర?"

చప్పుడు ఆగిపోయింది కదా, ఆ మాట నీళ్ల మీద బాగా వినబడింది. రోజలిన్ ఆగిపోయింది. కాళ్లు కడుపులోకి ముడుచుకుంది. కళ్లు నా చేతి మీద ఉన్నాయి. ఎప్పుడు లేచానో తెలియదు, నేను నిలబడి ఉన్నాను. తువ్వాలు చేతిలో ఉంది.

దాని చెయ్యి పడవ వైపు వచ్చింది. ఇంకో జానెడు ఉంది.

నాకేమీ కనబడలేదు. కనబడకపోతే లేనట్టా? నా కళ్లతోనా? ఊపితే అది చెయ్యి వేసేస్తుంది. ఊపకుండా ఉంటే, నిజంగానే ఉంటే?

తువ్వాలు చెక్క మీద పడేసి దానిమీద కూర్చున్నాను.

"ఏది సొర?" అని కోచ్ మీద అరిచాను. ఆయనతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

"అదిగోనండీ, సొరకాయ! తాడు ఊడి సొరకాయ కొట్టుకుపోతోంది!"

ఆయన వేలు గాలిబుడగ వైపు ఉంది. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో ఎండు సొరకాయ బుర్ర నడుముకు కట్టి ఈత నేర్పారట. కంగారులో ఆ మాటే వచ్చింది. మా వైపు ఆ కాయని అలా అనం.

"ఆనపకాయమ్మా!" అని అరిచాను. "సొర కాదు, ఆనపకాయ! నీ బుడగ ఊడిపోయింది!"

"ఏటీ?"

"ఆనపకాయ!"

"ఓలమ్మ! మాస్టారూ, సముద్రంలో ఆ పేరెట్టి అరుత్తారేటండీ?" అన్నాడు పోతురాజు. "నా పేనం పోయింది."

రోజలిన్ నవ్వలేదు. చెయ్యి అక్కడే ఉంది.

"తువ్వాలేది తాతా?"

"మీద కూకున్నాను."

"ఎందుకు?"

"ఊపకుండా ఉండడానికి."

"టైము పోతోందమ్మా!" అన్నారు కోచ్. అది ఆయన వైపు చూడలేదు. నన్ను చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఊపిరి పీల్చి తల ముంచింది.

తర్వాత మూడు బారలకు కాదు, రెండు బారలకే తల తిప్పింది. ప్రతిసారీ నేను అక్కడే కూర్చుని ఉన్నాను.

ఒడ్డు చేరేసరికి గంటా ఎనిమిది నిమిషాలు. కోచ్ కాగితంలో పేరు రాసుకున్నారు. రోజలిన్ ఇసుకలో కూలబడి తువ్వాలు ఇమ్మంది. అది కొసలు పడవ అడుగు నీళ్లలోకి జారి నాని, నా కింద నలిగి, తాడులా అయిపోయింది. దాంతోనే మొహం తుడుచుకుంది.

"తాతా, నువ్వు లేసినప్పుడు ఏటైనా కనిపించిందా?"

"నేదు."

"అసలు నీకు నీళ్ల కింద కనిపిత్తాదా?"

నేను సముద్రం వైపు చూశాను.

"కంట్లో పొరుందని అమ్మమ్మ ఎప్పుడో సెప్పేసింది," అంది. "తెలిసే సూసేను."

తువ్వాలు పిండి నా భుజం మీద వేసింది.

"పై నెల ఐదు కిలోమీటర్లంట. ఈలోగా ఆపరేషను సేయించుకో."