రెండు నిమిషాలు వెనకగా

ఓడలో వాళ్ళు కెప్టెన్‌కి చాటుగా పెట్టుకున్న పేరు గడియారం. తొమ్మిదేళ్ళలో ఆయన ఏ రేవుకీ ఒక్క నిమిషం ఆలస్యంగా చేరలేదు. ఆ సంగతి కొత్తగా ఎక్కిన వంటవాడికి కూడా మొదటి రోజే చెప్పేవాడు, అడక్కుండానే. ఓడలో మూడో అధికారి సెకండ్ మేట్‌కి ఆయన స్వయానా మేనమామ. ఓడ నడిపే బ్రిడ్జి మీద సార్ అనాలి, కేబిన్‌లో మావయ్యా అనాలి. రెండిట్లో ఏదీ మేనల్లుడి నోటికి సరిగ్గా పట్టుబడలేదు.

సెకండ్ మేట్‌కి ఉన్న గొప్పల్లా నోటిలెక్క. దూరం, వేగం చెబితే చాలు, పక్కవాడు కాలిక్యులేటర్ తీసేలోపు నిమిషాలతో సహా అప్పజెప్పేసేవాడు. నలుగురిలో ఆ విద్య చూపించి మేనమామ మురిసిపోయేవాడు. ఈ ప్రయాణం అయ్యాక అతణ్ణి ఓ మెట్టు పైకి, చీఫ్ మేట్ చెయ్యమని కంపెనీకి రాయాల్సిందీ ఆయనే. ఆ ఒక్క ఉత్తరం కోసం ఏడాదిన్నరగా అతను ఆయన ముందు తలెత్తకుండా నెట్టుకొస్తున్నాడు.

ఆ మధ్యాహ్నం ఓడ పదకొండు నాట్ల వేగంతో తాపీగా పోతోంది. అంటే గంటకి పదకొండు సముద్రపు మైళ్ళు. పావు కిలోమీటరు పొడవున్నా, నెత్తిన కంటైనర్లు కొండంత ఉన్నా, కావాలంటే ఇరవై ఒకటి పోగల ఓడ అది. కానీ రేవులో చోటు సాయంత్రం ఆరింటికి గాని ఖాళీ అవ్వదు. ముందే వెళ్ళి ఇంధనం తగలెయ్యడం దేనికని పొద్దుట్నుంచీ నత్తనడకే.

పన్నెండూ పదికి రేడియో పలికింది. తీరంలోని రక్షణ కేంద్రం నుంచి ఒకావిడ. చేపల పడవ తిరగబడింది, ఐదుగురు దాని అడుగుభాగాన్ని పట్టుకుని వేలాడుతున్నారు, నీళ్ళు బాగా చల్లగా ఉన్నాయి, గంటన్నర మించి ఆగలేరు. తీరమంతా పొగమంచు, హెలికాప్టర్ లేవదు. దగ్గర్లో ఉన్న ఓడలు తమ దూరమెంతో, గరిష్ఠ వేగమెంతో చెప్పాలి.

ముందుగా ఒక చమురు ట్యాంకర్ ఓడ పలికింది. "ఇరవై నాలుగు మైళ్ళు. పదిహేను నాట్లు."

సెకండ్ మేట్ అప్పటికే మ్యాపు తెర మీద చూశాడు. "సార్, మనకి వెనక్కి పద్దెనిమిదే. ఇరవై ఒకటితో యాభై ఒక్క నిమిషాలు. ఇంజిన్ పుంజుకునే టైమ్ కలిపినా గంట!"

కెప్టెన్ కాఫీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టాడు. "అది కాదు గాని, ఇంకో లెక్క చెప్పు చూద్దాం. ఆ ట్యాంకర్ కంటే మనం రెండే రెండు నిమిషాలు వెనకపడాలంటే ఎంత వేగం?"

"పదకొండు."

నోరు ముందే పలికేసింది. అన్నాక గాని ఆయన ఏమడిగాడో బుర్రకెక్కలేదు. ట్యాంకర్ చేరేసరికే గంటా ముప్పై ఆరు నిమిషాలు.

"శభాష్! అదే చెప్పు. ఇప్పుడు పోతున్నదీ అదేగా, అబద్ధం కూడా కాదు."

"సార్, అక్కడ ఐదుగురు…"

"ఇదేమన్నా యుద్ధనౌకట్రా, అదిలించగానే ముప్పై నాట్లు లంఘించడానికి? వాళ్ళని ఎక్కించుకుంటే విచారణలు, వాంగ్మూలాలు. ఆరింటి చోటు పోతే రెండ్రోజులు బయట లంగరేసుకుని ఈగలు తోలుకోవాలి. ట్యాంకర్ వెళ్తోందిగా. రెండు నిమిషాలకి ఎవడూ చావడు." తర్వాత గొంతు తగ్గించి, "మీ అమ్మకి మాటిచ్చాను, ఈసారి చీఫ్ మేట్‌వై ఇంటికెళ్తావని," అన్నాడు.

సెకండ్ మేట్ రేడియో అందుకున్నాడు. "పద్దెనిమిది మైళ్ళు. గరిష్ఠం పదకొండు నాట్లు."

"ఇంజిన్‌లో ఇబ్బందా?" అడిగింది ఆవిడ.

మేనల్లుడు మేనమామ వంక చూశాడు. మేనమామ తలూపాడు.

"అవును మేడమ్."

"అయ్యో పాపం. సరే, మీరు మీ దారిన వెళ్ళండి. ట్యాంకర్‌ని పంపుతున్నాం."

ఆ పాపం అన్న మాట అతనికి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. రేడియోలో మాట్లాడినవాడే లాగ్ బుక్‌లో తన చేత్తో రాసి సంతకం పెట్టాలన్నది ఓడలో నియమం. రాశాడు, పెట్టాడు. కెప్టెన్ వెనక నిలబడి ప్రతి అక్షరం చదివి కాఫీ ముగించాడు.

తరవాత అతని బుర్ర ఊరుకోలేదు, వద్దన్నా లెక్క కట్టింది. వెనక్కి ఒక గంట. మనుషుల్ని ఎక్కించడానికి అరగంట. అక్కణ్ణుంచి రేవుకి ఎనభై మైళ్ళు, ఇరవై ఒకటితో నాలుగు గంటల లోపే. వెళ్ళి వచ్చినా ఆరింటికి అందుకునేవాళ్ళు! ఆ మాట పైకి అనడానికి అతనికి నోరు రాలేదు. అతని మీద అతనికే అసహ్యం వేసింది.

ముప్పావుగంట తిరక్కుండానే రేవు నుంచి కబురు. చోటు నాలుగింటికే ఖాళీ అవుతోంది, అందుకోలేకపోతే వేరే ఓడకి ఇచ్చేస్తారు. కెప్టెన్ ఇంజిన్ రూముకి ఫోన్ చేశాడు. "పొద్దుట్నుంచీ దీన్ని కట్టేసి చంపుతున్నారు. వదలండి సార్, పరిగెత్తుతుంది!" అన్నాడు చీఫ్ ఇంజనీరు హుషారుగా.

"సార్, మన వేగం ఎప్పటికప్పుడు రక్షణ కేంద్రం వాళ్ళ తెర మీద పడుతుంటుంది," అన్నాడు సెకండ్ మేట్.

"వాళ్ళ కళ్ళన్నీ ట్యాంకర్ మీదుంటాయి. ఇప్పుడు మన మొహం చూసే తీరిక ఎవరికిరా?"

అంకె మెల్లగా ఎక్కింది. పద్నాలుగు, పదిహేడు, పంతొమ్మిది. బ్రిడ్జి నేల సన్నగా అదరసాగింది. సెకండ్ మేట్ ఆ అంకెని చూడలేకా, చూడకుండా ఉండలేకా అలాగే నిలబడ్డాడు.

ఒకటీ యాభై రెండుకి ఆవిడే ఓడ పేరు పెట్టి పిలిచింది.

"ఇప్పుడు మీ వేగం ఎంత?"

సెకండ్ మేట్ రేడియో అందుకుని కెప్టెన్ వంక చూశాడు. ఆవిడ మళ్ళీ అడిగింది, గొంతు పెంచకుండా.

"ఇరవై… ఇరవై పాయింట్ నాలుగు."

"నా తెర మీదా అంతే ఉంది. ట్యాంకర్ చేరింది. పడవ దగ్గర ఒక్కడే ఉన్నాడు. పావుగంట క్రితం దాకా ఐదుగురూ ఉన్నారట. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చేతులు వదిలేశారట. గరిష్ఠం పదకొండని చెప్పిందెవరు?"

సెకండ్ మేట్ లాగ్ బుక్‌లో తన సంతకం వంక చూశాడు. నలుగురు. నోటిలెక్క అక్కర్లేని లెక్క.

కెప్టెన్ వచ్చి అతని చేతిలోంచి రేడియో మెల్లగా, ఆప్యాయంగా తీసుకున్నాడు. ఆయన గొంతులో నిజంగానే దుఃఖం పలికింది.

"మేడమ్, కెప్టెన్‌ని. ఆ సమయంలో నేను కింద భోజనానికి వెళ్ళాను. మాట్లాడింది మా సెకండ్ మేట్. లాగ్ బుక్‌లో అతని దస్తూరీ, అతని సంతకం ఉన్నాయి, పంపిస్తాను. అతను నా సొంత అక్క కొడుకు మేడమ్. అయినా సరే, కప్పిపుచ్చను. నలుగురి ప్రాణాల కన్నా నాకు చుట్టరికం ఎక్కువ కాదు."

రేడియో కట్టేశాడు. చేతి గడియారం చూసుకున్నాడు.

"అలా దిష్టిబొమ్మలా నిలబడతావేం, చుక్కాని చూసుకో. వేగం తగ్గనివ్వకు."