ఆగడం తెలిసిన ఛార్జర్

ఇరవై ఆరేళ్ళు ట్రైలర్ లారీ నడిపిన మనిషికి ఇంట్లో కూర్చోవడం చేతకాదు. డిపోలో అతన్ని అందరూ రివర్స్ బావ అనేవారు. నలభై అడుగుల ట్రైలర్‌ని గోదాము గుమ్మంలోకి వెనక్కి పెట్టడానికి తక్కినవాళ్ళు నాలుగైదు సార్లు ముందుకీ వెనక్కీ తంటాలు పడేవారు. అతను ఒక్క ఊపులో పెట్టేసి, దిగి చేతులు దులుపుకునేవాడు. అలాంటి మనిషికి ఒకరోజు సరుకు దింపిస్తుండగా ఫిట్స్ వచ్చాయి. బండి ఆగి ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. మందులతో అదుపులో ఉంటుందన్నాడు డాక్టరు. పెద్ద బండి మాత్రం ఇక ముట్టుకోవద్దన్నాడు.

అతని భార్య ఆసుపత్రిలో నర్సు. ఆనాటి నుంచి ఆమె కళ్ళు ఇంట్లో కూడా డ్యూటీ చేయడం మొదలుపెట్టాయి. వంటింట్లో గిన్నె కిందపడినా అతని గదిలోకి పరుగెత్తుకొచ్చేది. అతను కాస్త ఎక్కువసేపు మాట్లాడకుండా ఉంటే గట్టిగా పిలిచి మరీ చూసేది. ఆమె మీద అతనికి కోపం లేదు. కానీ సొంత ఇంట్లో పేషెంటుగా బతకడం గొంతులో ముల్లు దిగినట్టుండేది.

అది గమనించిన ఆమె తమ్ముడు ఒక ఆదివారం పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చాడు. అందులో రిమోట్‌తో నడిచే లారీ, దానికి తగిలించే ట్రైలర్ ఉన్నాయి. రెండూ కలిపితే మీటరుకు పైనే పొడవు. పాత యజమానికి దానిమీద మోజు తీరిపోయిందట. దీనికి లైసెన్సు అక్కర్లేదు బావా అన్నాడు బావమరిది. అతను నవ్వలేదు. రెండు రోజులు పెట్టె మూత కూడా తీయలేదు.

మూడోరోజు భార్య డ్యూటీకి వెళ్ళాక పెరట్లో ఇటుకలు పేర్చి గుమ్మంలా కట్టాడు. లారీ కిందపెట్టి రిమోట్ పట్టుకున్నాడు. మొదటిసారి ట్రైలర్ ఇటుకలకు గుద్దుకుంది. నాలుగోసారికి పాత విద్య వేళ్ళలోకి దిగింది. బొమ్మదైనా ట్రైలర్ ట్రైలరే, దాని పొగరు దానిదే.

పై వాటాలో అద్దెకుండే అమ్మాయి ఇదంతా పిట్టగోడ మీంచి చూసింది. ఆమె పెద్ద బండ్ల డ్రైవింగ్ నేర్చుకుంటోంది. మూడుసార్లు పరీక్షకు వెళ్ళి మూడుసార్లూ రివర్సులోనే పోగొట్టుకుంది. కిందికి దిగొచ్చి, బాబాయ్, ఒక్కసారి ఇస్తారా అని అడిగింది. ట్రైలర్ ఎడమకు పోవాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలని ఆమెకు తెలుసు. రాతపరీక్ష కూడా ఆ మాట రాసే పాసైంది. అద్దంలో చూసేసరికి మాత్రం చెయ్యి చెప్పినట్టు వినదు. బొమ్మ లారీకి అద్దం లేదు, పైనుంచి మొత్తం కనిపిస్తుంది. వారం తిరిగేసరికి ఆమె పదిసార్లలో ఆరుసార్లు ఇటుక కదలకుండా పెట్టగలిగింది. రెండు వారాల్లో మళ్ళీ పరీక్ష ఉంది.

సరిగ్గా అప్పుడే బ్యాటరీ ఉబ్బింది.

పెట్టెతో పాటు వచ్చిన ఛార్జర్ అరచేతిలో పట్టేంత చిన్నది. ఎర్రదీపం వెలిగితే ఎక్కుతున్నట్టు, ఆకుపచ్చ వెలిగితే నిండినట్టు. అంతకుమించి దానికి మాటలు రావు. ఆ మధ్యాహ్నం ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. భార్య బట్టలు మడతపెడుతూ అటు చూసేసరికి, పలకలా ఉండాల్సిన బ్యాటరీ చిన్న దిండులా లేచి ఉంది. ఆమె కేకలు వేయలేదు. గోడ దగ్గర స్విచ్ ఆపి, వైరు పీకి, బ్యాటరీని పట్టకారుతో ఎత్తి వాకిట్లో ఇసుక బకెట్‌లో వేసింది. తర్వాత చేతులు కడుక్కుని అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇది ఇంట్లో ఉండాలంటే, తేడా వస్తే తనంతట తనే ఆగిపోయే ఛార్జర్ కావాలి. అలాంటిది దొరక్కపోతే పెట్టె కట్టెయ్యండి," అంది.

ఆమె అరిచి ఉంటే అతనూ నాలుగు మాటలు అనేవాడు. నెమ్మదిగా చెప్పింది కాబట్టి, దుకాణంలో చూపించడానికి ఆ ఛార్జర్‌ని తీసి సంచీలో పెట్టుకున్నాడు.

మర్నాడు ఆమెకు సెలవు. తనూ వస్తానంది. రిమోట్ బండ్ల సామాను అమ్మే దుకాణం ఒక మేడ మెట్ల కింద ఉంది. బల్ల నిండా చిన్న మోటార్లు, టైర్లు, మధ్యలో కరిగిన సీసం వాసన. దుకాణదారు లావు కళ్ళద్దాల పెద్దాయన, బేరం కంటే వివరం చెప్పడమే ఇష్టం. వాళ్ళు తెచ్చిన ఛార్జర్‌ని అటూ ఇటూ తిప్పి పక్కన పడేశాడు. బ్యాటరీలో రెండు సెల్లులుంటాయనీ, అవి జోడెడ్లలాంటివనీ చెప్పాడు. ఒకటి ముందు నిండుతుంది, రెండోది వెనకబడుతుంది. ఈ ఛార్జర్‌కి ఆ తేడా తెలియదు. రెంటినీ కలిపి లెక్కేసి, నిండినదాంట్లోకి ఇంకా కుక్కుతుంది. మంచి ఛార్జర్ అయితే బ్యాటరీకి ఉన్న చిన్న తెల్ల ప్లగ్గు ద్వారా ఒక్కో సెల్లునీ విడివిడిగా చూసి రెంటినీ సమానం చేస్తుంది.

అతని చూపు మాత్రం అద్దాల బీరువాలో రంగుల తెర ఉన్న పెద్ద ఛార్జర్ మీద పడింది. ఇరవై నిమిషాల్లో నింపేస్తుందని పెట్టెమీద రాసి ఉంది. అమ్మాయి పరీక్ష దగ్గరపడిందనీ, టైము లేదనీ అన్నాడు.

"నిదానమే ప్రధానం అని లారీ వెనక రాయించుకున్నది ఎవరండీ?" అంది భార్య.

దుకాణదారు నవ్వి, మీ బ్యాటరీ తట్టుకునే వేగం గంటలో నిండేంత మాత్రమే, తాగేవాడి గొంతు చూసి నీళ్ళు పోయాలి గానీ బిందె పెద్దదని గుమ్మరిస్తామా అన్నాడు. పెద్దది కొని వేగం తగ్గించి పెట్టుకుంటే సరి కదా అని అతను పట్టుబట్టాడు. తగ్గించి పెట్టుకోవచ్చని పెద్దాయన కూడా ఒప్పుకున్నాడు.

"ఆ తగ్గించడం ఒక్కరోజు మర్చిపోతే?" అంది ఆమె.

అతని ముఖం మాడిపోయింది. నా మీద అంత నమ్మకం లేదా అన్నట్టు చూశాడు. ఆమెకు అర్థమైంది. పెద్దాయన వేరే పనున్నట్టు లోపలికి వెళ్ళాడు.

"మీరు మర్చిపోతారని కాదు," అంది గొంతు తగ్గించి. "ఆరోజు మీరు పడిపోయే ముందు నాకు ఎవరూ చెప్పలేదు. మీ ఒంటికి ముందుగా మోగే గంట లేదు. కనీసం ఈ బ్యాటరీకైనా ఉండనివ్వండి."

అతను బల్లమీది చిన్న టైరు ఒకటి తీసి వేళ్ళతో తిప్పాడు. ఇన్నాళ్ళూ ఆమె కాపలా కాస్తోందనుకున్నాడే తప్ప, భయపడుతోందని అనుకోలేదు. పెద్దాయన తిరిగొచ్చాక, నడిమి రకం చూపించమని తనే అడిగాడు.

అది మామూలు నల్లడబ్బా. చిన్న తెరమీద అంకెలు తప్ప ఆర్భాటమేమీ లేదు. పెద్దాయన ఉత్త మాటను ఆమె నమ్మలేదు, చేసి చూపించమంది. పెద్దాయన నీరసించిన సెల్లున్న పాత బ్యాటరీ ఒకటి తెచ్చి తగిలించాడు. డబ్బా కాసేపు అంకెలు చూసుకుని, కీచుమని మోగి, కరెంటు పంపకుండా ఆగిపోయింది. రెండో సెల్లు బాగాలేదని తెరమీద రాసింది. ఆమె ముఖంలో, ఎన్నో నెలల తర్వాత, వార్డులో మంచి మెషీన్ వచ్చినప్పటి సంతోషం కనిపించింది. కొత్త బ్యాటరీలు రెండు, ఛార్జింగ్‌లో బ్యాటరీని ఉంచడానికి మంట అంటుకోని సంచీ ఒకటి కూడా కట్టించుకున్నారు. ఛార్జింగ్ పెట్టి బయటికి వెళ్ళవద్దనీ, నాలుగు రోజులు వాడకపోతే బ్యాటరీ నిండుగా ఉంచక సగానికి దించే మీట నొక్కమనీ పెద్దాయన రెండుసార్లు చెప్పాడు.

ఇంటికి రాగానే ఆమె గుమ్మం పక్కన, చుట్టూ ఏమీ లేని నేలమీద ఛార్జర్‌కి చోటు చూపించింది. గోడకు ఒక కాగితం అంటించింది. తేదీ, మొదటి సెల్లు, రెండో సెల్లు, ఎన్ని గంటలకు పెట్టారు, ఎన్నింటికి తీశారు. వార్డులో మంచానికి కట్టే చార్టులాంటిదే. తేడా అల్లా, ఈసారి అందులో రాసేది అతను. గంటసేపు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, అంకెలు చూసేవాడు, రాసేవాడు. ఒకసారి డబ్బా మోగితే ఆమె వంటింట్లోంచి పరుగున వచ్చింది. అప్పటికే అతను స్విచ్ ఆపి, సరిగా కూర్చోని తెల్ల ప్లగ్గును తీసి, సర్ది మళ్ళీ పెడుతున్నాడు. ఆమె గుమ్మంలోనే ఆగి చూసి, తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత గిన్నెలు పడినా ఆమె పరుగెత్తడం తగ్గింది.

అమ్మాయి రోజూ పొద్దున్నా సాయంత్రం ఒక్కో బ్యాటరీ అయిపోయేదాకా సాధన చేసింది. పరీక్ష నాడు ట్రైలర్ కాస్త వంకరపోయిందట. ఇదివరకైతే కంగారుపడి ఇంకా తిప్పేసేదాన్ని, ఈసారి ఆపి, పైనుంచి చూస్తున్నట్టు ఊహించుకుని, కాస్త ముందుకు తీసి మళ్ళీ పెట్టాను బాబాయ్ అని వచ్చి చెప్పింది. ఆమె చేతిలో పాసైన కాగితం నలిగిపోయి ఉంది.

ఎవరు నేర్పారని తన శిక్షణ మైదానంలో అడిగితే ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. వారం తర్వాత అక్కడి పెద్ద స్వయంగా ఇంటికొచ్చాడు. తమ దగ్గర రివర్సులో ఆగిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారనీ, వారానికి మూడు పొద్దుటిపూటలు వస్తే బాగుంటుందనీ అన్నాడు. అతను భార్య వైపు చూశాడు. ఆమె ఒకటే అడిగింది, అక్కడ ఎండకు నీడ ఉందా అని. ఉందన్నాడు వచ్చినాయన.

మొదటిరోజు రేకుల షెడ్డు కింద ఆరుగురు నిలబడ్డారు. కొందరు బొమ్మను చూసి మొహాలు మొహాలు చూసుకున్నారు. అతను సున్నంతో గీతలు గీసి, ట్రైలర్ తగిలించి, రిమోట్‌ని ముందున్న నడివయసు ఆటో డ్రైవరు చేతికిచ్చాడు. ఆ డ్రైవరు గట్టిగా నొక్కేసరికి ట్రైలర్ మడతపడి పక్కకు ఒరిగింది. అందరూ గొల్లుమన్నారు. ఆటో డ్రైవరు సిగ్గుపడి రిమోట్ తిరిగి ఇవ్వబోయాడు.

రివర్స్ బావ వంగి బండిని నిలబెట్టాడు. చక్రాల దుమ్ము తుడిచాడు. రిమోట్ మాత్రం తీసుకోలేదు.

"నీ దగ్గరే ఉంచు," అన్నాడు. "ఇంకా చాలా ఛార్జింగ్ ఉంది. ఇంకోసారి, మెల్లగా."