నాలుగు శాలువాలు, అయిదో కాగితం

ఆదివారం ఉదయం తొమ్మిది కాకముందే నాగలక్ష్మమ్మ బీరువా తెరిచి నాలుగు శాలువాలు బయటికి తీసింది. జరీ అంచులు పైకి కనిపించేలా వాటిని సోఫా మీద వరసగా పరిచింది. ఒకటి మహిళా మండలి వారు కప్పింది. ఒకటి గుడి కమిటీది. మూడోది బడి వార్షికోత్సవంలో వచ్చింది. నాలుగోది ఎరువుల వ్యాపారుల సంఘం ఇచ్చింది. ఎరువులకూ మాతృత్వానికీ సంబంధం ఏమిటని అప్పుడెవరూ అడగలేదు, భోజనాలు బాగున్నాయి కాబట్టి.

నాలుగూ ఆమె కోడలు చంద్రికకు కప్పినవే. కర్ణాటకలోని కంప్లి పక్కన, కాలవ కింద వరి పండించే ఆంధ్రావాళ్ల క్యాంపులో చంద్రిక పేరు తెలియనివాళ్లు లేరు. ఆమె కొడుకు చిన్నుకు తొమ్మిదేళ్లు. పుట్టుకలో మెదడుకు ప్రాణవాయువు చాలక వాడి కాళ్లూ కుడిచెయ్యీ మాట వినవు. మాట ముక్కలు ముక్కలుగా, నెమ్మదిగా వస్తుంది. ఎడమచెయ్యీ బుర్రా మాత్రం మహా చురుకు. వాణ్ణి మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాలగదికి, అక్కణ్ణించి బడికి, బడి నుంచి కసరత్తుల చాప మీదికి రోజుకు పాతికసార్లు ఎత్తి దించేది చంద్రికే. ఇంటిల్లిపాదీ, క్యాంపంతా ఆమెను చూసి చేతులు జోడించేవారు. చేతులు జోడించి ఉన్నప్పుడు ఆ చేతులతో ఇంకే పనీ చెయ్యడం కుదరదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆ రోజు బళ్లారి నుంచి పద్మశ్రీ అనే పరిశోధకురాలు వస్తోంది. వైకల్యమో దీర్ఘకాలిక జబ్బో ఉన్న పిల్లల ఇళ్లల్లో పిల్లలూ పెద్దలూ ఎలా ఉన్నారో తెలుసుకోవడం ఆమె పని. ఆశా కార్యకర్త వచ్చి "మీ ఇంటికి పరిశీలనకు వస్తారు" అని చెప్పింది. నాగలక్ష్మమ్మ ఎరిగిన పరిశీలన ఒక్కటే. రెండేళ్ల కిందట శుభ్రమైన క్యాంపు బహుమతి ఇచ్చేముందు జరిగినది. కనుక ఇది అయిదో శాలువా అని ఆమె నిశ్చయించుకుంది.

"మా కోడలు మనిషి కాదమ్మా, దేవత!" అని గుమ్మంలోనే మొదలుపెట్టింది.

ఆ దేవత అప్పుడే నాట్ల కూలీలకు మరమరాల ఉగ్గాని గిన్నె పంపించి, చిన్నును కుర్చీలో దించి వస్తోంది. "ఆ దేవతను కొంచెం పక్కకు జరగమనండి అత్తయ్యా, బకెట్టు పెట్టాల" అంది.

పద్మశ్రీ నవ్వు ఆపుకుంటూ లోపలికి వచ్చింది. శాలువాలను తప్పించుకుని, పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. "పిల్లోడి ఆరోగ్యం ఎట్లుండాది పెద్దమ్మా?" అని అడిగింది.

ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం నాగలక్ష్మమ్మ గొంతు తగ్గింది. మూడు నెలల్లో చిన్నుకు రెండుసార్లు చలిజ్వరం వచ్చింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. నీళ్లు బాగా తాగించండి, ఇంకోసారి వస్తే ఆస్పత్రిలో చేర్చాలి, కిడ్నీల దాకా పోనివ్వకండి అని రెండోసారి డాక్టరు గట్టిగా చెప్పాడు. కానీ వాడు నీళ్లంటే మొహం తిప్పేసేవాడు. మొదటి జ్వరం నాటి నుంచే ఒంట్లో వేడి అని నాగలక్ష్మమ్మ తీర్మానించి బార్లీనీళ్లు, సబ్జాగింజలు, పల్చటి మజ్జిగ గంటగంటకూ గ్లాసుతో వాడి ఎడమచేతికి అందించేది. గ్లాసు ఖాళీ అయ్యేది. అయినా రెండో జ్వరం రానే వచ్చింది.

"దిష్టమ్మా. ఇంత మంచి తల్లి ఉంటే దిష్టి తగలదా?" అంది.

పద్మశ్రీ సంచిలోంచి కాగితాలు తీసి పెద్దవాళ్లు నలుగురికీ తలొకటి ఇచ్చింది. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా గంటకో గడి. ఆ గంటలో చిన్ను దగ్గర ఎవరున్నారు, ఎవరెత్తారు, అంతే రాయాలి. ఒకరిది ఒకరు చూడకూడదు.

మామగారు వెంకటరత్నం పరీక్షహాల్లో కుర్రాడిలా చెయ్యి అడ్డం పెట్టుకుని రాశాడు. భర్త మోహన్‌కృష్ణ పొలం నుంచి బురదకాళ్లతో వచ్చి, నిలబడే రాసేశాడు. పావుగంటలో నాలుగు కాగితాలూ బల్ల మీదికి వచ్చాయి.

"మీ ఇంట్లో ఎంత ఐకమత్యం పెద్దమ్మా!" అంది పద్మశ్రీ. "నాలుగు కాగితాల్లోనూ అన్ని గడుల్లో ఒకటే పేరు."

"మా ఇంట్లో అంతేనమ్మా. మాటకు తేడా రాదు" అని నాగలక్ష్మమ్మ మురిసిపోయింది.

వెంకటరత్నం మురవలేదు. ముప్పయ్యేళ్లుగా క్యాంపు పొలాలకు కాలవనీటి వంతులు రాసేది ఆయనే. ఎవరి మడికి ఏ గంట నుంచి ఏ గంట దాకా నీళ్లు వదలాలో గడులు గీసి రాస్తే, అరగంట తేడా వచ్చినా గట్ల మీద గొడవలయ్యేవి. బల్ల మీది కాగితాలు ఆయనకు అచ్చం అలాగే కనిపించాయి. కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూశాడు. ఇలాంటి వంతుల పట్టీ తాను రాసి ఉంటే క్యాంపువాళ్లు తనను అదే కాలవలోకి తోసేవాళ్లని ఆయనకు అర్థమైంది.

"అన్నా, ధాన్యం బస్తా ఎంత బరువుంటాది?" అని పద్మశ్రీ మోహన్‌కృష్ణను అడిగింది.

"డెబ్బై అయిదు కేజీలు. లోడెత్తేటప్పుడు మనుషులు తక్కువైతే నేనే ఎత్తుతా" అన్నాడతను, భుజం కొంచెం వెడల్పు చేసి.

"చిన్ను?"

అతనికి తెలియదు. "ఇరవై నాలుగు" అంది చంద్రిక వంటింట్లోంచి.

మోహన్‌కృష్ణ కాలి బురద కేసి చూస్తూ నిలబడ్డాడు. "వాణ్ణెత్తితే యాడ నొప్పి పుడుతుందోనని భయమమ్మా. చంద్రికకైతే అలవాటు" అన్నాడు.

పద్మశ్రీ అయిదో కాగితం తీసింది. "ఏమప్పా చిన్నూ, ఇది నీది. పెద్దోళ్లు చెప్పిండేది అయిపాయ. నువ్వు చెప్పు, నేను రాస్తా."

"వాడికేం తెలుసమ్మా..." అని నాగలక్ష్మమ్మ ముందుకు వచ్చింది. పద్మశ్రీ చూపుడువేలు పెదాల మీద పెట్టుకుంది. ఆ ఇంట్లో నాగలక్ష్మమ్మకు అలా వేలు చూపించినవాళ్లు అంతకుముందు లేరు. ఆశ్చర్యంతోనే ఆమె ఆగిపోయింది.

చిన్ను వరండాలో మల్లెకుండీ పక్కన, తన కుర్చీలో ఉన్నాడు. పద్మశ్రీ కింద కూర్చుంది. రోజులో నీకు ఇష్టంలేని గంట ఏదని అడిగింది. వాడి మాట వచ్చేదాకా ఎంతసేపైనా ఆగింది. ఆ ఆగడం చూస్తుంటే నాగలక్ష్మమ్మకు ఏదోలా అనిపించింది. వాడు మాట వెతుక్కునేలోపు ఆ మాట తనే అందించెయ్యడం ఆమెకు అలవాటు.

"బాత్రూంకి... పొయ్యేది" అన్నాడు చిన్ను.

"ఏంటికి?"

"అమ్మ... ఎత్తాల. ఎత్తేటప్పుడు... అమ్మ పండ్లు... కొరుకుతాది. నొప్పికి." వాడు ఊపిరి తీసుకున్నాడు. "నీళ్లు తాగితే... పోవాల. తాగకుంటే... పొయ్యే పని లేదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మరి నేనిచ్చిన బార్లీనీళ్లన్నీ ఏమైనాయిరా?" అంది నాగలక్ష్మమ్మ.

చిన్ను ఎడమచెయ్యి నెమ్మదిగా పక్కకు వెళ్లి మల్లెకుండీ అంచు మీద ఆగింది. మూడు నెలలుగా ఆ మల్లె విరగబూస్తోంది. తన చేతి చలవేనని నాగలక్ష్మమ్మ క్యాంపంతా చెప్పుకుంది, మూరల లెక్కన పూలు పంచింది కూడా.

"మల్లెచెట్టుకి... ఇన్ఫెక్షన్ రాదులే... నానమ్మా" అన్నాడు వాడు, ఆమెకు ధైర్యం చెబుతున్నట్టు.

నాగలక్ష్మమ్మ అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. తొమ్మిదేళ్ల పిల్లవాడు దాహాన్ని బిగబట్టుకుని తల్లి నడుమును కాపాడుకొస్తున్నాడు. ఇంట్లో ఆ పనికి పూనుకున్నది వాడొక్కడే. పెద్దలు ముగ్గురూ పొగుడుతూ కూర్చున్నారు.

"నడుం నొప్పి ఎప్పటి నుంచే?" అని కోడలిని అడిగింది.

"ఆరు నెలలు. చీరలోపల బెల్టు పెట్టుకుంటాండా. బరువెత్తొద్దన్నారు."

"చెప్పొచ్చు కదే!"

"చెప్పేదానికి నోరు తెరిస్తే మీరు దేవతంటారు." చంద్రిక తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. "దేవతకు నడుం నొప్పని ఎట్ల చెప్పేది అత్తయ్యా?"

పద్మశ్రీ నాగలక్ష్మమ్మ కేసి తిరిగింది. "పెద్దమ్మా, నేను శానా ఇండ్లు తిరిగినా. అమ్మ మీద ప్రేమ లేని ఇల్లు నాకు తక్కువే కనిపించింది. అమ్మకు వంతు మార్చే మనిషి ఉండే ఇల్లు ఇంకా తక్కువ. పిల్లోడి ఆరోగ్యం వాడొక్కడి ఒంట్లో లేదమ్మా, ఇంట్లోవాళ్లందరి ఒంట్లో ఉండాది. ఒకరి నడుం విరిగితే వాడి నీళ్లు ఆగిపోతాయి. చూసినారు కదా?"

ఇక్కడ మన కథల్లో పెద్దలు కన్నీళ్లు పెట్టుకోవాలి. వెంకటరత్నం స్కేలు తెచ్చుకున్నాడు. కాలవ వంతులకు గీసినట్టే గడులు గీశాడు. ఆరు నుంచి ఎనిమిది మోహన్‌కృష్ణ. బడికి తీసుకెళ్లడం, తేవడం తాత. సాయంత్రం కసరత్తులు నానమ్మ. గంటకో గ్లాసు నీళ్లు, గ్లాసు వాడి పొట్టలోకే వెళ్లిందని చూసే పూచీ కూడా నానమ్మదే. ఆదివారం మధ్యాహ్నం గడుల్లో చంద్రిక పేరుకు ఎదురుగా 'నిద్ర' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

ఆ వారమే హోస్పేటలో ఫిజియోథెరపీ చేసే ఆమె మోకాళ్లు వంచి ఎలా ఎత్తాలో మోహన్‌కృష్ణకు నేర్పింది. బస్తాలెత్తే మనిషి మొదటిరోజు కొడుకును ఎత్తి చెమటలు కక్కాడు. "నాన్నా... నేను ధాన్యం... కాదు" అని చిన్ను గుర్తుచేశాడు. వయసు మళ్లినవాళ్లయితే వాణ్ణి గట్టి గుడ్డలో కూర్చోబెట్టి ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తొచ్చని కూడా ఆమె చెప్పింది. నాగలక్ష్మమ్మ నాలుగు శాలువాలూ చుట్టి, క్యాంపులో బట్టలు కుట్టే కొట్రమ్మ దగ్గరికి వెళ్లింది.

"అయ్యో దేవరే! ఇంత మంచి జరీ మీద మిషన్ యేసేదా అమ్మా?" అంది కొట్రమ్మ.

"నాలుగూ కలిపి మందంగా కుట్టు. నాలుగు మూలలా పట్టుకునే దానికి పిడులు పెట్టు. బీరువాలో పడుండి ఏం మోసినాయవి ఇన్నాళ్లూ?"

ఫిజియోథెరపీ ఆమె దాన్ని లాగి, పిండి చూసి సరే అన్న తరువాతే చిన్నును అందులో ఎత్తారు. నానమ్మా తాతా చెరోవైపు పట్టుకుంటే వాడు మహారాజులా కూర్చుని "మెల్లగా... మెల్లగా" అని ఆజ్ఞలిచ్చేవాడు.

మూడు నెలల తరువాత పద్మశ్రీ మళ్లీ కాగితాలు పట్టుకుని వచ్చింది. ఈసారి నలుగురి పేర్లూ ఉన్నాయి. జ్వరం మళ్లీ రాలేదు. చంద్రిక నడుముకు వారానికి రెండుసార్లు హోస్పేట బస్సెక్కి వైద్యం చేయించుకుంటోంది. ఆమె ఎప్పటిలాగే ఎక్కువ చేస్తోంది, అందులో సందేహం లేదు. కానీ పళ్లు కొరకడం మానేసింది. మల్లెచెట్టు మాత్రం చిక్కిపోయింది.

అదే సాయంత్రం ఒక సంఘం కార్యదర్శి ఇంటికి వచ్చాడు. వచ్చే వారం సభ, చంద్రికమ్మకు సన్మానం, శాలువా తెప్పించామన్నాడు. నాగలక్ష్మమ్మ మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. గోడ మీది వంతుల కాగితం చూపించింది.

"శాలువాలు చాలప్పా. మంగళవారం నాలుగు నుంచి అయిదు గడి ఖాళీగా ఉండాది. మీ సంఘంలో ఎవరొస్తారో పేరు చెప్పు, రాసుకుంటా."

కార్యదర్శి గ్లాసు దించి కాసేపు ఆ గడి కేసే చూశాడు. తరువాత, మెచ్చుకోవలసిన విషయమే, జేబులోంచి పెన్ను తీసి తన పేరే రాశాడు.

మన వీధిలోనూ ఇలాంటి తల్లి ఒకరుంటారు. ఆమెను దేవత అనడానికి జోడించిన చేతులు ఒక్కసారి విడదీసి, ఆమె బిడ్డను ఎత్తుకుందాం. బరువు మోసేవారికి అంతకు మించిన సన్మానం లేదు.